ఊపిరికి కాపలా

ముక్కు మీద రబ్బరు తొడుగు పెట్టగానే ఆమెకి ముందుగా ఎక్కింది మత్తు కాదు, మంట. తొడుగు అంచుని బుగ్గకి ఆనించి నొక్కుతున్న వేళ్ళు ఆడపడుచువి. లోకంలో ఇన్ని వేళ్ళుండగా ఆ వేళ్ళకే తన మొహం దొరకాలా. పిల్లలకి మత్తిచ్చి పళ్ళు బాగుచెయ్యాలనుకునే డాక్టర్లు ముందు తామే ఆ కుర్చీలో పడుకోవాలని, ఆ గాలి తామే పీల్చి చూడాలని, పీల్చనివాడికి పసిపిల్ల ముక్కు ముట్టుకునే హక్కు లేదని, శిక్షణ ఇస్తున్న మత్తు డాక్టరు పొద్దున్నే తేల్చేశాడు. సరే, న్యాయమే. కానీ జతలు కట్టేటప్పుడైనా మనిషి కాస్త ఆలోచించాలా వద్దా. ‘ఒకే క్లినిక్ వాళ్ళు ఒక జత. రేపు పిల్ల పక్కన నిలబడేది మీరే కదా’ అని, పిల్లిని తెచ్చి ఎలక పక్కన కూర్చోబెట్టి చేతులు దులుపుకున్నాడు. ఇద్దరిలో పిల్లి ఎవరో అతనికేం తెలుసు. ‘బిగువుగా ఉందా వదినా?’ అంది ఆడపడుచు పైనుంచి. లేదని తల ఊపింది. బిగువుగానే ఉంది. చెప్పదు. చెప్తే వదులు చేస్తుంది, వదులు చేసి, చూశారా అడిగి మరీ చేశాను అన్నట్టు చుట్టూ చూస్తుంది.

‘ముక్కుతోనే పీల్చు వదినా. నోరు మూసుకో.’ ఆ చివరి మాట అనడానికి ఎన్నేళ్ళ నుంచి కాచుకుని ఉందో. వెనక నిలబడ్డ డాక్టర్లెవరో కిసుక్కున నవ్వారు. నోరు మూసుకుంది. గాలి కాస్త తియ్యగా ఉంది, దాని మీద రబ్బరు వాసన. పాప ఆడుకునే బంతి వాసన. ఆ బంతి మంచం కిందకి దొర్లిపోతే పాప పొట్ట మీద పాకుతూ వెళ్ళి, దుమ్ము కొట్టుకున్న మొహంతో వెనక్కి పాకుతూ వస్తుంది. నవ్వితే పైవరసలో నల్లటి పళ్ళు. పళ్ళ డాక్టరు కూతురికి పుచ్చుపళ్ళు. ఒక్క పళ్ళ డాక్టరు కాదు, తల్లీ మేనత్తా ఇద్దరూ. దీపం కింద చీకటి అంటే ఎవరికీ అర్థం కాకపోతే ఆ పిల్లని నోరు తెరవమంటే చాలు. ఇప్పుడు కింది దవడలో ఒక పన్ను చీము పట్టింది. బుగ్గ ఉబ్బి, మందులు వేస్తే తగ్గి, మందులు ఆపితే మళ్ళీ ఉబ్బి. తీసెయ్యాలి. ఎల్లుండి తీసెయ్యాలి. కుర్చీ చూస్తేనే ఊపిరి బిగబట్టి, నీలంగా మారేదాకా ఏడ్చే పిల్ల కాబట్టి మత్తిచ్చి తియ్యాలి. ఆ మత్తులో పాప ఊపిరి మీద కన్నేసి కూర్చోవాల్సింది బుల్లి.

ఇంట్లో ఆడపడుచుని బుల్లి అంటారు. తాడిచెట్టంత ఎదిగి, అంత చదువు చదివి, ఊళ్ళో సగం నోళ్ళలో చెయ్యిపెట్టిన మనిషిని పట్టుకుని ఇప్పటికీ బుల్లే. బుల్లి చూసుకుంటుంది అన్నారు అత్తగారు, భోజనాల బల్ల దగ్గర, గోడకి సున్నం వేసే పని ఎవరికో అప్పగించినంత తేలిగ్గా. ‘పాపని పెద్దాసుపత్రికి తీసుకెళ్దామండీ’ అని ఆమె అంటే, అనడం కూడా మొగుడి వైపు చూస్తూ అంటే, జవాబు అత్తగారి దగ్గర నుంచి వచ్చింది. ‘ఇంట్లో ఇద్దరు పళ్ళ డాక్టర్లుండి పిల్లని ఊరి మీద తిప్పుతారా? మన బోర్డు మీద మనమే మన్ను కొట్టుకుంటామా?’ మొగుడు కంచంలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కుంటున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఎప్పుడు మాట వచ్చినా అతనికి కంచంలో ఏదో ఒకటి పోతుంది. అప్పుడు బుల్లి, చెయ్యి కడుక్కుంటూ, అక్కణ్ణుంచే, ‘నేనున్నాగా వదినా. అది నా బంగారం. కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటా’ అంది. బంగారం అట.

కాళ్ళు తేలిపోతున్నాయి. మడమలు కుర్చీకి ఆనుకున్నట్టే లేవు. ఇదన్నమాట పిల్లలకి కలిగేది. నవ్వు రావచ్చన్నాడు మత్తు డాక్టరు. నవ్వు రావట్లేదు, పాత కోపాలు ఒకటొకటిగా బరువు తగ్గి పైకి తేలుతున్నాయి, నీళ్ళలో నానేసిన బట్టల్లాగా. ఒకటి మునగదోస్తే ఇంకోటి ఉబుకుతోంది. కిటికీ పక్క కుర్చీ. మామగారు పనిచేసిన కుర్చీ అది. ఆయన పోయాక ‘ఎవరైనా వాడుకోండి’ అన్నారు కదా అని ఒక పొద్దున ఆమె తన పనిముట్లు అక్కడ సర్దుకుంటే, మధ్యాహ్నానికల్లా అవి లోపలి కుర్చీ దగ్గరికి చేరాయి, గుడ్డ పరిచి, వరసగా, ఎంతో శ్రద్ధగా. అడిగితే ‘నీకు ఎండ పడదుగా వదినా’ అంది బుల్లి. ఎండ పడదని ఎవరు చెప్పారు? ఇంకోసారి ఒక పెద్దాయనకి సూది వెయ్యబోతుంటే పక్క కుర్చీ నుంచి తల తిప్పకుండానే, ‘వదినా, ఎడమ కాదు, కుడి.’ ఆమెకి తెలుసు. వెయ్యబోతోంది కుడివైపే, చెయ్యి అటు తిప్పుతోంది అంతే. కానీ పెద్దాయన కళ్ళు తెరిచి ఒకసారి ఆమెని, ఒకసారి బుల్లిని చూసి, ‘ఆ అమ్మాయితో వేయించుకుంటానమ్మా, ఏమీ అనుకోకు’ అన్నాడు. అనుకోక ఏం చేస్తుంది. ఇప్పటికీ అనుకుంటూనే ఉంది.

కుళాయి సంగతి చెప్తే ఎవరూ నమ్మరు. ఆమె చేతులు కడుక్కుని కుళాయి కట్టేస్తే, వెనకాలే బుల్లి వెళ్ళి మళ్ళీ బిగిస్తుంది. ఆమె తలుపు గడియ పెడితే బుల్లి లాగి చూస్తుంది. పొయ్యి ఆర్పితే వంగి చూస్తుంది. పన్ను తీసిన చోట ఆమె పెట్టిన దూదిని, ‘ఒక్కసారి’ అంటూ వచ్చి, పెదవి పక్కకి లాగి చూసి పోతుంది. పనిముట్లు ఉడికించే పెట్టె ఆమె మూస్తే, మూసిందని తెలిసీ, మూత మీద అరచేత్తో ఒక చరుపు. ఆ చరుపు తన వీపు మీద పడ్డట్టే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆమె చేసిన పని ఏదీ ఒక్కసారితో పూర్తి కాలేదు, బుల్లి రెండోసారి చేస్తేగాని. ‘నేనేమన్నా దొంగనా?’ అని ఒకసారి మొగుడితో అంటే అతను, ‘దానికి చిన్నప్పట్నుంచీ అలవాటు’ అన్నాడు. అబద్ధం. తల్లి కట్టిన కుళాయి బిగించదు. పాప చేసిందేదీ అసలు చూడనే చూడదు.

‘ఏం చూస్తున్నావమ్మా అక్కడ?’ మత్తు డాక్టరు గొంతు. ఆమెని కాదు, బుల్లిని. ఎత్తు తక్కువ మనిషి, తెల్లటి కనుబొమ్మలు, మాటకి ముందు ముక్కు ఎగబీలుస్తాడు. ‘తెర చూస్తున్నాను సార్. అంకె బానే ఉంది.’ ‘తెర ఎవరి కూతురు? తెరకి జ్వరం వస్తుందా? తెరకి వాళ్ళమ్మ బయట ఏడుస్తూ కూర్చుంటుందా?’ బాగా అయింది. ఇంకో రెండు తగిలించండి సార్. పొద్దుట్నుంచీ ఆ మనిషి అందరినీ ఉతుకుతూనే ఉన్నాడు. బల్ల మీద పిల్ల బొమ్మని పడుకోబెట్టి, దానికి ఊపిరి ఆగేలా మీట నొక్కి, ఏం జరుగుతోందో చెప్పమంటే ఒక కుర్ర డాక్టరు ‘బానే ఉన్నట్టుంది సార్’ అన్నాడు. ‘ఉన్నట్టుంది అన్నావంటే ఆ పిల్ల పోయినట్టే. చూశావా, ఊహించావా?’ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. వేలికి తగిలించే క్లిప్పు ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు. ‘ఇది అబద్ధం చెప్పదు. కానీ ఆలస్యంగా చెప్తుంది. ఇల్లు కాలిపోయాక పరామర్శకి వచ్చే చుట్టం ఇది. పిల్ల ఊపిరి ఆగి బోలెడంతసేపైనా, ఒంట్లో ముందు నింపిన ఆక్సిజన్ ఉన్నంతవరకూ ఇది అంతా క్షేమం అనే అంటుంది. క్షేమం కాదని ఇది అనేసరికి మీకు మిగిలేది పరుగు ఒక్కటే.’ అందుకని పన్ను చూసేవాళ్ళు వేరు, ఊపిరి చూసేవాళ్ళు వేరు. ఊపిరి చూసేవాళ్ళు ఇంకో పని పెట్టుకోకూడదు. దూది అందించకూడదు. ఫోను ముట్టుకోకూడదు. ఆమె చెయ్యెత్తి, పిల్ల నా కూతురే అయితే నేను ఊపిరి చూసుకోవచ్చా అని అడిగింది. ముక్కు ఎగబీల్చాడు. ‘పన్ను చూసుకుంటే చూసుకో, నీ ఖర్మ. ఊపిరి మాత్రం నీది కాదు. పిల్ల కదిలితే ఏడుస్తావు, కదలకపోతే ఇంకా ఏడుస్తావు. తల్లి కాపలాకి పనికిరాదు.’ పక్కనే బుల్లి, ‘మేనత్త పనికొస్తుందిగా సార్?’ అంది నవ్వుతూ. ‘సాయంత్రం చెప్తా’ అన్నాడు అతను, నవ్వకుండా.

మేనత్త. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఈ ఇంట్లో అర్ధతల్లి కూడా. పాప పళ్ళు పుచ్చింది ఎవరివల్ల? మధ్యాహ్నం పూట పాపని పడుకోబెట్టే వంతు బుల్లిది. పాప దుప్పటి ముసుగేసుకుని గురక పెడుతుంది, అంత చిన్నపిల్ల గురక పెట్టడమేంటని ఎవరికైనా తట్టాలి కదా, బుల్లికి తట్టదు. కాళ్ళ వేళ్ళ మీద బయటికొచ్చి, ‘ష్, నా బంగారం పడుకుంది వదినా’ అంటుంది, మొహమంతా వెన్నలా కరిగిపోయి. ఆమె వెళ్ళి దుప్పటి లాగితే బుగ్గలో చాకొలెట్టు, తలగడ కింద ఇంకో నాలుగు కాగితాలు. ‘అమ్మకి చెప్పకు అని అత్త ఇచ్చింది’ అంటుంది పాప. మర్నాడు మళ్ళీ అదే గురక, మళ్ళీ అదే నమ్మకం. వదిన కట్టిన కుళాయిని నమ్మని మనిషి దొంగ గురకని నమ్ముతుంది. అదే, అదే గొంతులో పడ్డ చేపముల్లు. ఎల్లుండి పాప ఆ కుర్చీలో, ముక్కుకి ఈ తొడుగుతో, ముందే తాగిన నిద్రమందుతో, నోరు కాస్త తెరుచుకుని పడుకుంటే, బుల్లి ఆ మొహం వైపు చూసి కరిగిపోతుంది. ఎంత ముద్దుగా పడుకుందో చూడు వదినా అంటుంది. పాప ఊపిరి తీసుకుంటోందా లేదా అని చూడదు. ముద్దుగా ఉంది కదా, ఇంకేం చూడాలి.

‘మత్తు గాలి ఆపెయ్. ఒట్టి ఆక్సిజన్ పెట్టు’ అన్నాడు మత్తు డాక్టరు. మీట తిరిగిన చప్పుడు. తీపి పోయింది. కాళ్ళు మెల్లగా కాళ్ళలోకి తిరిగొచ్చాయి, పైకప్పు మీది పెచ్చులూడిన మచ్చకి అంచులు వచ్చాయి. ఇప్పుడిక సైగ వస్తుంది. కుర్చీలో పడుకోకముందు, బుల్లి గొట్టాలు తగిలిస్తుండగా, అతను ఆమెని కిటికీ దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పాడు. ‘ఒట్టి ఆక్సిజన్ పెట్టించాక నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటా. అప్పుడు ఊపిరి బిగబట్టు. ఆ అమ్మాయి ఎప్పటికి గమనిస్తుందో చూద్దాం. ఆగలేకపోతే వదిలెయ్, వీరంగాలొద్దు.’ గమనించకపోతే అని అడిగింది. అడుగుతుంటే గొంతులో ఆశ వినబడిందేమోనని భయపడింది. ‘గమనించకపోతే ఇంటికెళ్ళి పెద్దవాళ్ళ పళ్ళకి పాచి గీక్కుంటుంది. పిల్లల జోలికి రాదు. శిక్షణ పూర్తయిందన్న కాగితం మీద నేను సంతకం పెట్టను.’ అంతే. ఆ సంతకం లేకపోతే పాప పెద్దాసుపత్రికి వెళ్తుంది. అత్తగారి బోర్డు మీద మన్ను పడితే పడింది. బోర్డుకి ఊపిరి అక్కర్లేదు.

అతను కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె ఆపింది. నిండా పీల్చి కాదు, మామూలుగా వదిలి, అలాగే ఆగిపోయింది. పిల్లలకి ఆగేది అలాగే కదా, ఎవరికీ చెప్పకుండా, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్యలో. చెవుల్లో నిశ్శబ్దం మందమైంది. చిన్నప్పుడు కాలువలో ఇలాగే. అన్నలిద్దరూ ఈదుతుంటే ఆమె అడుగున రాయి పట్టుకుని కూర్చునేది. నీళ్ళు పచ్చగా, పైన వాళ్ళ కాళ్ళు కప్పల కాళ్ళలా ఆడుతూ. ఎంతసేపైనా ఉండగలిగేది. పందెం కోసం కాదు. ఎవరో ఒకరు, ‘చెల్లేదిరా?’ అని కేక పెడితే వినాలని. ఊపిరితిత్తులు పగిలిపోతున్నా ఆ కేక కోసం ఆగేది. వాళ్ళు ఒక్కసారీ కేక పెట్టలేదు, ఈతలో పడి మర్చిపోయేవాళ్ళు. ఆమే రొప్పుతూ పైకొచ్చి, జుట్టు పిండుకుని, ఏమీ జరగనట్టు గట్టు మీద కూర్చునేది. ఇప్పుడు తెర మీద అంకె ఏమంటోంది? కనిపించదు, వెనక ఉంది. యంత్రం కూత మాత్రం హాయిగా, ఒకే గొంతుతో, అంతా క్షేమం అంతా క్షేమం అంటోంది. బుల్లి ఎవరికో గొట్టం గురించి చెప్తోంది. చెప్పు. ఇంకా చెప్పు. గొప్పలు చెప్పుకో. చూడకు. దేవుడా, చూడనివ్వకు.

అప్పుడు తెలిసింది, పొట్ట మీద చెయ్యి. ఆమెకి కప్పిన దుప్పటి మీద, పక్కటెముకల కింద, ఎప్పట్నుంచి ఉందో ఆ అరచెయ్యి, బరువు లేకుండా, పిట్ట వాలినట్టు. మాట్లాడుతూనే పెట్టింది. మాట ఆగింది. వేళ్ళు కొంచెం విచ్చుకున్నాయి, నొక్కాయి, వెతుకుతున్నాయి. పట్టేస్తుంది. ఇంకొక్క క్షణంలో పట్టేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, సంతకం పడుతుంది, ‘చూశావా వదినా’ అంటుంది, ఎల్లుండి పాప ఆ కుర్చీలో. ఆమె ఒంట్లో ఏదో దుష్టబుద్ధి చరచర పాకింది. ఎవరూ చెప్పలేదు, నేర్పలేదు. గొంతు మూసుకునే ఉంచి, గాలి లోపలికి రానివ్వకుండానే, పొట్ట ఎగరేసింది. పైకి, కిందకి. పైకి, కిందకి. నిద్రపోతున్న మనిషిలా, తీరిగ్గా. వేళ్ళు సద్దుమణిగాయి. అదీ. తిను. నీకు కావలసింది ఇదే కదా, దుప్పటి కింద గురక. పాప రోజూ పెట్టే అన్నమే నేనూ పెడుతున్నాను, తిను. గొంతు మూసుకుపోయిన పిల్లకి ఇలాగే అవుతుందని పొద్దున అతను చెప్పాడు, నాలుక వెనక్కి పడి దారి మూసుకుపోతే ఛాతీ పొట్టా ఆడుతూనే ఉంటాయి, గాలి మాత్రం పోదు, చూసేవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ పిల్ల పొట్ట ఎంత దొంగదో. మంట మొదలైంది. ఛాతీలో నిప్పు. పైకి, కిందకి. కళ్ళ ముందు మచ్చ నల్లబడుతోంది. ఎల్లుండి పాపకి ఇలా అయితే, పాపకి రాయి వదిలేసి పైకి రావడం తెలియదు. నాకు తెలుసు, నేను ఇప్పుడే వదిలెయ్యొచ్చు, వదలను, పాప వదల్లేదు కాబట్టి నేనూ వదలను. బుల్లీ, చూడు. ఎవరన్నారు ఆ మాట? తనే. చూడొద్దనుకున్న నోటితోనే. చూడకు. చూడు. చూడవే ముండా, చూడు.

చెంప. చల్లగా, ఆమె పెదాలకి ఆనీ ఆనకుండా ఒక చెంప వాలింది. చెవిపోగు గడ్డానికి తగిలింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ మొహం ఇంత దగ్గరికి రాలేదు. సబ్బు వాసన, నుదుటి దగ్గర చెమట. బుల్లి ఆమె ముక్కు దగ్గర, నోటి దగ్గర గాలి కోసం తన చర్మంతో వెతుకుతోంది. ఒక్క క్షణం. అంతే, తర్వాత రెండు చేతులు చెవుల కింద దవడ మూలలు పట్టుకుని ఎత్తాయి. మెల్లగా కాదు. ఎముక కలుక్కుమంది, కంట్లో నీళ్ళు తిరిగాయి, గొంతు దానంతటదే తెరుచుకుని గాలి లోపలికి భోరుమని దూకింది. ‘గాలి ఆడట్లేదు సార్!’ బుల్లి గొంతు గదంతా కొట్టింది. ‘పొట్ట ఆడుతోంది, గాలి ఆడట్లేదు!’

యంత్రం ఇంకా అంతా క్షేమం అనే అంటోంది.

‘వదిలెయ్, వదిలెయ్, పీలుస్తోంది’ అంటూ వచ్చాడు మత్తు డాక్టరు. కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉంది. తొడుగు తీసేసి, దగ్గుతున్న ఆమె మొహంలోకి చూశాడు. ‘ఏమ్మా, నేను ఊపిరి ఆపమన్నాను. పొట్ట ఆడించమని ఎవరన్నారు?’ జవాబు బుల్లి చెప్పింది. ‘ఇంకెవరంటారు సార్, అది ఆవిడ సొంత తెలివి.’ అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. ‘నీకెలా తెలిసింది? పొట్ట ఆడుతోందిగా, చెయ్యి పెట్టావుగా.’ బుల్లి యంత్రం పక్కన వేలాడుతున్న రబ్బరు సంచిని చూపించింది. ఊపిరి తీస్తే తగ్గాలి, వదిలితే ఉబ్బాలి. ‘సంచి కదల్లేదు సార్. నోటితో పీలుస్తోందేమోనని చెంప పెట్టి చూశా. అక్కడా లేదు.’ ‘పొట్ట ఆడుతుంటే మళ్ళీ సంచి ఎందుకు చూశావు?’ బుల్లి భుజాలు ఎగరేసింది. ‘మా వదిన కుళాయి కట్టినా నేను రెండోసారి చూస్తాను సార్. పొట్ట ఆడించిందని నమ్మేస్తానా?’ ఈసారి నవ్వు గది దాటి వరండాలోకి పోయింది. మత్తు డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని, ‘సంతకం పెడతా. ఇంత శత్రుత్వం ఎంత డబ్బిచ్చినా నేను నేర్పలేను’ అన్నాడు. ‘ఇక తిరగెయ్యండి. ఇప్పుడు నువ్వు పడుకో.’

ఆమె లేచి కూర్చుంది. దవడ సలుపుతోంది. నల్లగా కందుతుంది, ఇంటికెళ్ళాక అత్తగారు చూసి ఏం చేశావే అని ఆమెనే అడుగుతారు. అందరి ముందూ పరువు తీసింది, ఆవిడ సొంత తెలివి అంది, ఆ నవ్వులు ఇంకా చెవుల్లో గుచ్చుకుంటున్నాయి, చస్తే మర్చిపోదు. కానీ ఆ నవ్వుల కింద, అడుగున, పచ్చటి నీళ్ళలో రాయి పట్టుకుని కూర్చున్న పిల్లకి పైనుంచి ఒక కేక వినబడింది. ఎవరి గొంతుతో వినబడాలో ఆ గొంతుతో కాదు. అయినా వినబడింది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. ఇన్నేళ్ళు తిట్టుకున్న ఆ రెండో చూపు, ఆ లాగి చూడ్డం, ఆ చరుపు, అదే ఇప్పుడు కావాలి. తనకి కాదు. దుప్పటి కింద గురక పెట్టే దానికి కావాలి.

‘బుల్లీ.’

‘ఏంటి, నొప్పిగా ఉందా? ఉండాలి. లేకపోతే నేను సరిగ్గా ఎత్తనట్టు.’

‘ఎల్లుండి పాపని ఎలా చూస్తావు?’

‘ఎలా చూస్తానేంటి వదినా, అది నా బంగారం. కళ్ళల్లో పెట్టుకుని—’

‘వద్దు.’ గొంతు ఇంకా గీరగా ఉంది. ‘కళ్ళల్లో పెట్టుకోకు. బంగారం అనకు. అది పడుకుంది అంటే నమ్మకు. నన్ను చూసినట్టు చూడు.’

బుల్లి కుర్చీ అంచు మీద కూర్చుని, చెప్పులు విప్పుకుని, చాలాసేపు ఆ చెప్పులనే సరిచేసింది. దుప్పటి, గురక, చాకొలెట్టు కాగితాలు, ఏవి గుర్తొచ్చాయో. తర్వాత తలెత్తకుండా, ‘నిన్నా? నిన్ను నేను దొంగని చూసినట్టు చూస్తాను వదినా’ అంది.

‘తెలుసు. అలాగే చూడు.’

‘అది ఏడుస్తుంది, అలా చూస్తే.’

‘ఏడవనీ. ఏడిస్తే ఊపిరి ఉన్నట్టే.’

బుల్లి పడుకుంది. కాళ్ళు కుర్చీ దాటి బయటికొచ్చాయి. ఆమె రబ్బరు తొడుగు తుడిచి, ఆ ముక్కు మీద పెట్టి, అంచుని బుగ్గకి ఆనించి, కావలసినదానికన్నా ఒక పిసరు ఎక్కువే నొక్కింది. బిగువుగా ఉందా అని అడగలేదు. మత్తు డాక్టరు కిటికీ దగ్గరికి ఎవరినో పిలిచి ఏదో గొణుగుతున్నాడు, ఈసారి ఏం పన్నుతున్నాడో. బుల్లికి ముందే చెవిలో ఏం ఊదాడో. బుల్లి కళ్ళు మూసుకుంది, పెదవి చివర ఒక చిన్న ముడి, నవ్వో కపటమో. ఆమె చెయ్యి పొట్ట మీద పెట్టింది. పొట్ట పైకి లేచింది, కిందకి దిగింది. సంచి తగ్గింది, ఉబ్బింది. యంత్రం క్షేమం అంది.

ఆమె నమ్మలేదు. వంగి, చెంప పెట్టి, మళ్ళీ చూసింది.